చేతి బొబ్బల సాక్ష్యము

ఒంగోలునుండి తూర్పుగా కొత్తపట్నపు సముద్రతీరమునకు బోవు బాటసారి, అలల హోరు చెవిని బడకముందే యొక పాతకాలువను దాటవలసివచ్చును. తుంగయు నాచును బలిసి, పలుతావుల పూడి, సముద్రపు పోటుతో ఉప్పునీరు చొచ్చి ఆటుతో వెడలుచుండు ఆ కాలువకు బకింగ్‌హాము కాలువయని పేరు. ఉత్తరమున పెదగంజామువద్ద కృష్ణాడెల్టాకు జెందిన కొమ్మమూరు కాలువతో గలిసి, దక్షిణమున చెన్నపట్టణమును దాటి మరక్కాణము వరకును తీరము వెంబడి సాగిన యీ జలమార్గముమీద ఒకప్పుడు ఉప్పును, ధాన్యమును, వంటచెరకును తెరచాప పడవలలో నడచినవి. పడవలు పోయినవి, పేరు నిలిచినది. ఆ పేరు 1875 మొదలు 1880 వరకు చెన్నరాజధానికి గవర్నరుగానుండిన బకింగ్‌హాము ప్రభువుది. త్రవ్వినవారి పేర్లు కాలువకు బెట్టు వాడుక లోకమున లేదు. అయినను ఆ త్రవ్వినవారిలో కొన్నివేలమంది, తమ అరచేతులనే శాసనములుగా జూపి యొక మతగురువును నిరుత్తరుని గావించిన వృత్తాంతము మన దేశపు క్రైస్తవ చరిత్రలో నొకటి యున్నది. దుఃఖమునకు అర్థమున్నదా యను ప్రశ్నకు పండితులు వ్రాసిన గ్రంథములు పెక్కులు గలవు. పార పట్టినవారు ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానమును పరిశీలించుటయే యీ వ్యాసోద్దేశము.

అప్పటికి ఒంగోలు నెల్లూరు మండలములోని తాలూకా కేంద్రము. 1876వ సంవత్సరము, మన లెక్కలో ధాత. నైరృతి వానలు మొగము చాటువేసినవి. వానిపై నాసవీడి ఈశాన్యపు వానలకై యెదురుచూచిన రైతులను అవియును వంచించినవి. మరుసటి యేడు ఈశ్వర. అప్పుడును కరవు తీరలేదు. దక్షిణాపథమంతయు నావరించిన యీ క్షామమును మనవారు ధాతకరవని పిలిచిరి. బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే అరకోటికి పైగా జనులు ఆ రెండేండ్లలో నశించిరని చరిత్రకారుల లెక్క. ఆకలి చంపినవారికంటె, ఆకలిచే డస్సిన దేహములలో జొచ్చిన కలరాయు జ్వరమును చంపినవారే యెక్కువయని చెప్పుటయు గలదు. కాని ఆకలియే ద్వారము తెరవనిచో ఆ వ్యాధులకు అంత ప్రవేశము దొరకకుండెడిది గదా!

కరవు అందరిని ఒక్కసారిగా పట్టదు; దానికొక క్రమము గలదు. గ్రామములోని వృత్తులన్నియు రైతు కళ్ళముమీద వ్రాలు పక్షులవంటివి. ఒంగోలు ప్రాంతపు మాదిగవాని బ్రతుకు ఎట్టిదో చూడుడు. చచ్చిన పశువు తోలు తీసి, తంగేడుచెక్కతో ఊనించి, రైతునకు చెప్పులును, కపిలబావికి మోటబానయు, ఎడ్లకు పలుపులును గుట్టి యిచ్చుట వాని పని. అందులకు ప్రతిఫలముగ వానికి నాణెము ముట్టదు. పంట నూర్చిన దినమున కళ్ళమువద్ద కొలిచిపెట్టు మేరయే వాని సంవత్సరగ్రాసము. పంట లేనినాడు కళ్ళము లేదు. కళ్ళము లేనినాడు మేర లేదు. బావిలో నీరింకినపిదప మోటబానతో నెవనికి పని? మేత లేక పశువులు మందలుమందలుగ గూలినపుడు తోలు గుట్టలుగ బడియుండెను గాని కొనువాడు లేడు. చేతినిండ సరకుండియు కడుపునకు లేని దుర్దశ! నేలలేనివాడును, ధనమిచ్చు నాథుడు లేనివాడును, ఊరిబావి యొద్దకు రారానివాడును నగుటచే కరవు వాని గుడిసెనే మొట్టమొదట తట్టెను.

ఇట్టి విపత్తు దాపురించినపుడు మానవుడు అన్నముతోపాటు కారణమునుగూడ వెదకును. ఆనాడు కారణములు చెప్పువారికి కొదవలేదు. పోలేరమ్మకు కోపము వచ్చినదని పల్లె యనెను. జాతర సేయవలెనన్నచో బలియిచ్చుటకు దున్న లేదు. పూర్వజన్మకర్మమని పెద్దలనిరి, అంటరానివాడై పుట్టుటయు కర్మమే, ఆకటికి మాడుటయు కర్మమే యైనచో వానికి మిగులునది తలవంచుకొనుట యొక్కటియే. వర్తకమున ప్రభుత్వము వ్రేలుపెట్టరాదనియు, ధరలు తమంతట తామే ధాన్యమును కరవుతావులకు రప్పించుననియు దొరతనమువా రనిరి. ధాన్యము వచ్చినను కొనుటకు కాసు లేనివాని సంగతి ఆ సిద్ధాంతములో నిమిడినది గాదు. 1877 జనవరి 1వ తేదీని విక్టోరియా రాణి భారత చక్రవర్తినియైనట్లు ఢిల్లీలో లిట్టన్ ప్రభువు మహావైభవముతో దర్బారు జరుపుచుండగా, చెన్నరాజధానిలో జనము చెరువుగర్భములలో దుంపలకై త్రవ్వుచుండిరి. ఆ నెలలోనే కరవు పనులను పరీక్షింపవచ్చిన సర్ రిచర్డు టెంపుల్, పనిచేయు మగవానికి దినమునకొక పౌను గింజలును పైనొక అణాయును చాలునని నిర్ణయించెను. ఆ కొలత మనిషిని పనిచేయించుటకు గాదు, మెల్లగ జంపుటకే తగినదని రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు గట్టిగ వాదించెను. పౌను గింజలపైని యీ వివాదము ఆ కాలపు నివేదికలలో పుటలకొలది నిండియున్నది.

ఇక మన కథకు వత్తము. నెల్లూరున అమెరికా బాప్టిస్టు మిషనును 1840లో శామ్యూల్ డే అను నతడు స్థాపించెను. పదునైదేండ్లలోపల ఆ మిషనును మూసివేయవలెనను మాట వారి స్వదేశపు సభలలో రెండుమూడు పర్యాయములు లేచినది. బర్మాలో వేలకొలది జనులు మతముపుచ్చుకొనుచుండగా తెలుగుదేశమున వ్రేళ్ళమీద లెక్కించుటకు జాలినంతమంది లేరు. పటములో నక్షత్రపు గుర్తులవలె మిషను స్థానములు గుర్తింపబడియుండగా, బంగాళాఖాతపు ఈవల నెల్లూరొక్కటియే యొంటిగ మినుకుమినుకు మనుచుండుటచే దానికి ఒంటిచుక్క యను నర్థముగల పేరు పడినది. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో దానిని వదలరాదని తుదకు తీర్మానించిరి. అటుపిమ్మట 1854వ సంవత్సరాది సూర్యోదయవేళ, లైమన్ జెవెట్ దొరయు, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండ యెక్కి, క్రింద గనుచూపుమేర బరచుకొనియున్న పల్లెలను జూచుచు, ఈ సీమకొక మనిషిని బంపుమని ప్రార్థించిరట. ప్రార్థనకొండయని దానికి నేటికిని పేరు. తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఓపికకు నిదర్శనముగ నీ కొండను జూపుట వాడుక. నా మట్టుకు నాకు ఐదుగురిలో ముగ్గురు మనవారే యనునది యంతకంటె గమనింపదగిన సంగతి.

పండ్రెండేండ్లకు ఆ మనిషి వచ్చెను. జాన్ ఎవరెట్ క్లౌ న్యూయార్కు సంస్థానమున 1836లో జన్మించి, యౌవనమున భూములు కొలుచు సర్వేపనిలో నారితేరినవాడు. 1866 సెప్టెంబరులో భార్యతో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీని ఒంగోలు సంఘము ఏర్పడినపుడు దానిలోని సభ్యులు ఎనిమిదిమంది. తొలుత ఆయన బడికి బ్రాహ్మణాది కులముల బాలురు వచ్చుచుండిరి; వారి పెద్దలును ఆదరముతోనే యుండిరి. ఇంతలో మాదిగలు సంఘమున జేరవచ్చిరి. వీరిని జేర్చుకొన్నచో మేము రామని వారు స్పష్టముగ జెప్పిరి. ఏమిచేయుటకును దోచక భార్యాభర్తలు వేరువేరు గదులలో బైబిలు దెరవగా, ఒకరి సంగతి యొకరికి దెలియకయే యిరువురును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి యధ్యాయమునే, లోకము నీచులుగ నెంచువారినే దేవుడేర్పరచుకొనునను నర్థముగల భాగమునే చదివిరని క్లౌ దొర తన జీవితకథలో జెప్పుకొనియున్నాడు. దీనిని దైవికమనువా రనవచ్చును, కాకతాళీయమనువా రనవచ్చును. ఫలితము మాత్రము నిశ్చయము: కులపెద్దలు వెడలిరి, మాదిగలు వచ్చిరి.

వచ్చినవారిలో ప్రముఖుడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలునకు పశ్చిమమున సుమారు 40 మైళ్ళ దూరమందలి పల్లెవాడు. తోళ్ళ వర్తకమునకై దేశము తిరిగినవాడు. ఇతడు క్రైస్తవుడగుటకు పూర్వమే రాజయోగ మభ్యసించిన సాధకుడనుట యిచ్చట మరువరాని విషయము. పోతులూరి వీరబ్రహ్మముగారి తత్త్వములును, రామానుజీయుల భక్తియు, నాసరయ్య యను యోగి బోధలును ఆనాడు మాదిగపల్లెలలో గూడ బ్రాకియుండెను. మూఢులైన జనులకు పాదిరీలు వచ్చి తొలిసారి దేవుని జూపిరనుట సత్యమునకు దూరము. దేవు డొక్కడేయనియు, మృతమాంసమును జీవబలియు నీచమనియు నప్పటికే తలచుచు, తన్నంగీకరించు గురువునకై వెదకుచుండిన మనుష్యుడు పేరయ్య. అట్టివానికి దొరికిన క్రొత్తమాట యేమనగా, దేవుడే మనుష్యుడై, పశువులపాకలో జనించి, పెద్దలచే వెలివేయబడి, ఊరివెలుపల కొయ్యకు గొట్టబడెననుట. ఊరివెలుపల నుండువానికి ఊరివెలుపల మరణించిన దేవుని కథ యెట్లు వినబడియుండునో యూహింపుడు!

మతముపుచ్చుకొన్నవారికి సంఘము మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువు మాంసము ముట్టరాదు, విగ్రహములను పూజింపరాదు. చూచుటకు మూడును మతనియమములే. పల్లెలో మాత్రము మూడును మూడు తిరుగుబాటులు. కరణమో మునసబో పిలిచినపుడు వెట్టికి బోవలసినవాడు ఆదివారము రాననెను. చచ్చిన గొడ్డు నీడ్చుకొనిపోయి దాని మాంసమునే కూలిగ దీసికొనవలసినవాడు అది తిననెను. జాతరలో డప్పు గొట్టవలసినవాడు కొట్టననెను. అందుపై పొలమునకు బిలుచుట మానిరి, కుంటకు పోనీయరైరి, పశువులను బందెలదొడ్డికి దోలిరి, దొంగతనములు మోపి కొట్టించిరి. తమంతట దాము కోరి తెచ్చుకొన్న యీ బాధలలోనే ఆ చిన్నసంఘము కష్టమును గూర్చిన తన మొదటి పాఠమును జదివినది. అంతవరకు వారు పడిన బాధ పుట్టుకతో వచ్చినది, కారణము లేనిది, పేరు లేనిది. ఇప్పటి బాధకొక కారణమున్నది, అది తమ నిర్ణయము. అదే దెబ్బ, అదే వీపు. అయినను రెంటికిని భేదము గలదు. ఈ భేదమును గ్రహింపనివానికి పిమ్మట జరిగిన కథ బోధపడదు.

కరవు ముదిరినపిదప ప్రభుత్వము తీరపుకాలువ పనిని కరవుపనిగ బెట్టినది. క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును తానే కంట్రాక్టు పుచ్చుకొనెను. పాదిరీకి మట్టిపని యేలయని యడిగినవారు లేకపోలేదు. అన్యుల పనులకు బోయిన తన జనులు మేస్త్రీల తిట్లను దినుచు, కూలిలో కోతలు పడుచు, బక్కచిక్కి వచ్చుట యాయన చూచియుండెను. సర్వేవిద్య చేతనుండగా నూరకుండుట యాయన స్వభావము గాదు. తాటాకుల గుడిసెలతో విడిది వెలిసినది. ఒక్కొక్కసారి సుమారు మూడువేలమంది పనిచేసిరి. సంఘములోని బోధకులు ముప్పదిమంది పనిపై కావలియధికారులైరి, ఒక్కొక్కనిచేతిక్రింద నూరుమంది. నిన్నటివరకు ఊరి కరణము ముందు కూర్చుండుటకు నోచుకొనని పేరయ్య వంటివాడు నేడు వందమందికి పని చూపి, కొలిచి, లెక్కచెప్పు పెద్దయయ్యెను. ఆ మార్పును గూలీలు చూచుచునేయుండిరి.

ఆ పనిని కొంచెము దగ్గరగ జూడవలెను. మట్టిపని ఒక విద్య. అది ఉప్పరవారిది, వడ్డెరలది. వారి అరచేతులు తరతరములుగ గట్టివడినవి. కాలువకు వచ్చిన మాదిగవాని చేయి ఆరెయు కత్తియు పట్టుటకు అలవడినది. తోలులో ఆరె గ్రుచ్చి గ్రుచ్చి బొటనవ్రేలిమొదట కాయకాచినది గాని అరచేయి పారకామకు సిద్ధముగ లేదు. సముద్రతీరపు నేల పైన నిసుక, క్రింద నల్లని జిగట. ఎండిన తావున గడ్డపార దిగదు, తడిసిన తావున పారను విడువదు. మగవాడు త్రవ్వును, ఆడుది తలపై చుట్టకుదురు బెట్టుకొని, నిండిన తట్ట నెత్తించుకొని, గట్టెక్కి, కుమ్మరించి, మరల దిగును. తిండిలేని దేహమునకు వట్టి తట్టయే బరువు. మొదటిదినమున అరచేత నీటిబొబ్బలు. రెండవదినమున అవి చితుకును. మూడవదినమున చితికినచోట ఉప్పునీరు తగులును. నాలవదినమునగూడ పార పట్టుకొన్నవాడు సాయంకాలమున గింజలు తినును, పట్టనివాడు తినడు.

చీకటిపడినపిదప, పగలు పని చూపిన బోధకుడే తన నూరుమంది నడుమ వచ్చి కూర్చుండెడివాడు. ఆయన చెప్పిన వేదవాక్యములలో అన్నిటికంటె నెక్కువగ మరలమరల వినబడినది మత్తయి సువార్త పదునొకండవ యధ్యాయపు చివరనున్న పిలుపు. ప్రయాసపడువారిని, బరువు మోయువారిని తనయొద్దకు రమ్మని క్రీస్తు పిలిచిన మాట. దేవళములో గూర్చుండి విన్నవానికి బరువనగా పాపభారమో సంసారభారమో యగును, అది ఉపమానము. పగలంతయు తట్ట మోసి మెడనరములు తీసివేయుచుండగా విన్నదానికి బరువనగా బరువే. వేదాంతి వ్యాఖ్యానము వ్రాయవలసిన చోట ఆమెకు వ్యాఖ్యానముతో బనిలేకపోయెను. దుఃఖమునకు క్రైస్తవమతము చెప్పిన యర్థము ఆ కాలువగట్టున సిద్ధాంతరూపముగ రాలేదు. వారి యొడలికి దెలిసిన మాటగ వచ్చినది. కరవు నీ కర్మఫలమని గాని, నీ పాపమునకు దండనమని గాని గాక, నీవు మోయుచున్న బరువును నేనెరుగుదునని యొకడు చెప్పుచున్నాడని వారు వినిరి. చెప్పుచున్న బోధకుడును తమవాడే, తమతో నాకలిగొన్నవాడే యగుటచే ఆ మాటకు బలము హెచ్చినది.

అపుడే బాప్తిస్మమునకై జనులు మూగసాగిరి. ఇచ్చట క్లౌ దొర చేసినపని యీ వృత్తాంతమునకు ప్రాణము. కూలి తనచేతిమీదుగ జరుగుచుండగా మతమిచ్చుట, గింజలతో మతమును గొలిచి యిచ్చుటయగునని యాయన శంకించెను. అన్నము కొరకు చేరిన క్రైస్తవులను అపవాదము తన సంఘమునకు తగులరాదని, కరవుపని సాగినంతకాలమును, అనగా సుమారు పదునైదు నెలలపాటు, ఒక్కనికిని బాప్తిస్మమీయలేదు. అడుగువారు అడుగుచునేయుండిరి; కలరాలో గొందరు అడుగుచునే గతించిరి. ఇది కఠినమా, ధర్మమా యని చదువరులే విచారింపవలెను. ఒకటి మాత్రము స్పష్టము. ఈ పదునైదు నెలల నిరాకరణమే లేకున్న, తరువాతి సంఖ్యలకు చరిత్రలో విలువ యుండియుండదు.

1878లో వానలు పడినవి, కరవుసాయము ముగిసినది. కాలచక్రమున ఆ సంవత్సరమునకు బహుధాన్యయని పేరగుట కాలము చేసిన పరిహాసమో, ఓదార్పో! ఒంగోలున మశూచికము వ్యాపించియుండుటచే క్లౌ దొర తన బోధకులను పట్టణమునకు ఉత్తరమున సుమారు పదిమైళ్ళ దూరమున, గుండ్లకమ్మయొడ్డున రాచబాటమీదనున్న వెల్లంపల్లికి జూన్ నెల నడుమ రమ్మని వర్తమానమంపెను. పాత క్రైస్తవులతోనే మాటలాడవలెననియు, క్రొత్తవారిని వెంటబెట్టుకొని రావలదనియు స్పష్టముగ జెప్పించెను. తాను వెళ్ళి చూచునప్పటికి నదితోపంతయు జనముతో నిండియున్నది. ఇక సాయము లేదనియు, ధనము లేదనియు, ఇండ్లకు మరలిపొమ్మనియు నాయన చెప్పెను. వారు కదలలేదు. మాకు ధనము వలదనియు, నిన్నేమియు నడుగమనియు పలికి, తాము పనిచేసి బ్రతికినవారమే గాని బిచ్చమెత్తినవారము గామనుటకు నిదర్శనముగ అరచేతులలోని బొబ్బలను జూపిరి. మరల పంట పోయినచో చచ్చెదము. చచ్చినను క్రీస్తువారమై చచ్చెదము, ఇదియే వారి విన్నపపు సారము. దీనిని వ్రాసి యుంచినవాడు క్లౌ దొరయే. కాదనుటకు తనకు నోరాడలేదని యాయన యొప్పుకొనియున్నాడు.

జూలై 2వ తేదీని 614 మంది, 3వ తేదీని 2,222 మంది, 4వ తేదీని 700 మంది, మూడుదినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. రెండవనాటి సంఖ్య లోకమున బహుప్రసిద్ధమై, ఇది యెట్లు సాధ్యమని శంకించినవారికి తర్కవిషయమైనది. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఒకేసారి యిద్దరు నీటిలో దిగుదురు, వారలసినపుడు మరి యిద్దరు. క్లౌ దొర తాను ఒక్కనికిని ఆనాడు బాప్తిస్మ మీయలేదు; ఒడ్డున నిలిచి వ్యవస్థ చూచెను. ఉదయమున మొదలై, మధ్యాహ్నమున విరామముతో, సుమారు తొమ్మిది గంటలు పని సాగినది. గణించి చూచితిమేని మనిషికి అర నిమిషము. పేరు పిలుచుట, నీట దిగుట, బోధకుడు మంత్రముచ్చరించి ముంచి లేపుట, తడిబట్టలతో ఒడ్డెక్కుట, ఇన్నియు ఆ అర నిమిషములో. దొరచేతిమీదుగ గాక తమవారి చేతులమీదుగ ముంచబడి లేచిరనుట యీ దృశ్యములో సారభూతమైన యంశమని నాకు దోచును. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘపు పట్టికలో 12,000కు పైగా పేర్లున్నవి. ఎనిమిదిమందితో మొదలై అప్పటికి పండ్రెండేండ్లు.

ఈ కథకు విమర్శకులు నాడును గలరు, నేడును గలరు. ఆకలిగొన్నవాని విశ్వాసమును నమ్మవచ్చునా యని వారి ప్రశ్న. సాయము ముగిసినపిదప వచ్చిరనుట వాస్తవమే యైనను, మరల కరవు వచ్చినపుడు ఆదుకొను నాథుడుండవలెనను నాశ వారిలో లేదని యెవరనగలరు? ఉండియుండవచ్చును, ఉండినను తప్పేమి? కడుపునిండినవాని భక్తిలో స్వర్గాపేక్షయు, పుత్రపౌత్రాభివృద్ధియు, వ్యాజ్యమున జయమును గలసియున్నను మనము దానిని భక్తియనియే పిలుచుచున్నాము. ఆకలిగొన్నవాని భక్తినిమాత్రము జల్లెడపట్టి చూచుచున్నాము. కాలువలో త్రవ్విన పేదవానికి తన హృదయములో నన్నమెంత, ఆత్మగౌరవమెంత, దైవమెంత యని విడదీసి చూపు తీరిక లేదు. అవి యేకమై యుండుటయే జీవితము.

అయితే రెండవవైపున నొక యపాయమున్నది, దానినిగూడ జెప్పవలెను. ఇంతమంది క్రైస్తవులగుటకే దేవుడు కరవు బంపెనని ఆ కాలమున వ్రాసినవారు గలరు. ఆ మాట వినుటకు భక్తిగనున్నను లోన క్రూరమైనది; అరకోటి శవములను ఒక సంఘపు పట్టికకు మెట్లుగ జేయునది. కరవునకు కారణములు మానుషములు: వాన తప్పుట యొక్కటియే గాక, గింజలున్నను కొనుశక్తి లేకపోవుట, పాలకుల సిద్ధాంతము, పౌను గింజల కూలి. 1880లో క్షామ విచారణ సంఘము తన నివేదికలో ప్రజల ప్రాణరక్షణము ప్రభుత్వ ధర్మమని యొప్పుకొనినది. 1883లో క్షామనిబంధనలు వచ్చినవి. అది కారణమునకు సంబంధించిన చరిత్ర. అర్థమునకు సంబంధించిన చరిత్ర వేరు. బాధ ఏల వచ్చెనను ప్రశ్నకు ఆ కాలువగట్టున నెవ్వరును సమాధానము చెప్పలేదు, చెప్పినను త్రవ్వువారికి అది యక్కఱలేదు. వారు చేసినది మరియొకటి. తామెంచుకొనకయే తమపై బడిన బాధను, తాము చేసిన పనికి గుర్తుగ మార్చుకొనిరి. బొబ్బ యనునది ఆకలికి గుర్తు. పార పట్టినందులకును గుర్తు. వెల్లంపల్లిలో వారు దానిని రెండవ యర్థమున జదివి చూపిరి. మృతులలోనుండి లేచిన క్రీస్తు తన శిష్యులకు గాయపడిన చేతులనే యానవాలుగ జూపెనని సువార్తలో విన్నవారు గనుక, గాయపడిన చేయి చూపుట యవమానము గాదని వారికి దెలిసియుండెను.

పిమ్మటి కాలమున ఒంగోలునుండి వినుకొండ, నరసరావుపేట, మార్కాపురము తాలూకాల పల్లెలకు సంఘములును బడులును వ్యాపించినవి. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ, ఊరివెలుపలి దుఃఖమునకు తెలుగుపద్యములో సాటిలేని గొంతు నొసంగి, ఆ గొంతుతోనే క్రీస్తుచరిత్రమును వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమందెను. ఆ మహాకవి సంఘపెద్దలతోడను వైదికులతోడను సమానముగ బోరాడవలసివచ్చెననుట, బాప్తిస్మముతోనే బాధ తీరిపోలేదనుటకు నిదర్శనము. తీరలేదు. వెల్లంపల్లినుండి మరలినవారు మరల ఊరివెలుపలి గుడిసెలకే మరలిరి. వెట్టియు, వెలియు ఆ మూడుదినములతో నంతరింపలేదు.

క్లౌ దొర 1910లో స్వదేశమున మరణించెను. బకింగ్‌హాము ప్రభువు పేరు కాలువమీద మిగిలినది. త్రవ్వినవారికి మిగిలినది వారు తామై కోరుకొన్న పేరు. బ్రతికినను చచ్చినను తమదనదగిన పేరు. అది వారికి 1878 జూలై నెలలో, గుండ్లకమ్మ నీటిలో, మనిషికి అర నిమిషము చొప్పున లభించినది.